త్రోయ దిబ్బలో దొరికిన బంగారము

అపొస్తలుల కార్యములు చదివిన మనకందరికి త్రోయ అను పేరు తెలియును. పౌలుగారు రాత్రివేళ మాసిదోనియ మనుష్యుని దర్శనములో చూచినది ఆ రేవు పట్టణమునందే. ఐతుకు అను యౌవనుడు ప్రసంగము వినుచు నిద్రబోయి మూడవ అంతస్తునుండి క్రింద పడినది కూడ అక్కడనే. వృద్ధాప్యములో చెరసాలనుండి తిమోతికి వ్రాయుచు, కర్పునొద్ద విడిచివచ్చిన అంగీని తెమ్మని పౌలుగారు కోరినది ఆ ఊరినుండియే. ఆ రేవుకు ఉత్తరముగా సుమారు 15 మైళ్ల దూరములో, నేటి టర్కీ దేశములో, ఒక పాత దిబ్బ కలదు. దాని పేరు హిస్సార్లిక్. ట్రాయ్ అను మహాపట్టణము పూర్వమక్కడ నుండెనని గ్రీకులు తమ వీరగాథలలో పాడుకొనిరి. త్రోయ రేవుకు ఆ పేరు వచ్చుటకు కూడ ఆ పట్టణమే కారణము.

ఆ దిబ్బను త్రవ్వి, అబ్రాహాము కాలముకంటె పాతదైన బంగారమును వెలికితీసినవాడు హైన్రిక్ ష్లీమన్ అను జర్మనుడు. ఆయన ఒక పల్లెటూరి పాదిరిగారి కుమారుడు. ఈ నెల మనము ఆయన చరిత్రను ధ్యానించుదము. ఆయన దైవభక్తుడని చూపుటకు మేము ఈ మాటలు వ్రాయుటలేదు. ఆయన చేసిన గొప్ప పనిని, ఆయన పలికిన అబద్ధములను ఒకే త్రాసులో పెట్టి చూచుట మనకు మేలని తలంచి వ్రాయుచున్నాము.

ష్లీమన్ 1822వ సంవత్సరము జనవరి 6వ తేదీన ఉత్తర జర్మనీలోని మెక్లెన్‌బుర్గ్ సీమలో జన్మించెను. మరుసటి సంవత్సరమే తండ్రికి అంకర్స్‌హాగెన్ అను చిన్న గ్రామములో పాదిరి ఉద్యోగమగుటచే కుటుంబము అక్కడికి చేరెను. ఆ ఊరిలో దయ్యముల కథలకు, పాతిపెట్టిన నిధుల కథలకు కొదువలేదు. మన పల్లెలలో లంకెబిందెల కథలు చెప్పుకొనునట్లే అక్కడివారును చెప్పుకొనెడివారు. తండ్రి తనకు గ్రీకు వీరుల కథలు చెప్పెననియు, మండిపోవుచున్న ట్రాయ్ పట్టణపు బొమ్మగల పుస్తకమొకటి ఇచ్చెననియు, ఏడెనిమిదేండ్ల వయస్సుననే తాను ఆ పట్టణమును త్రవ్వుదునని నిశ్చయించుకొంటిననియు ష్లీమన్ ముసలితనమున వ్రాసెను. పండితులలో అనేకులు ఈ కథను నమ్మరు. పెద్దవాడై పేరు పొందిన తరువాత చిన్ననాటికి దిద్దిన రంగు అని వారి అభిప్రాయము.

నమ్మవలసిన సంగతి వేరొకటి గలదు. తండ్రి బోధపీఠము మీద చెప్పినది ఒకటి, ఇంటిలో చేసినది మరియొకటి. ఇంటి పనికత్తెతో ఆయనకున్న సంబంధము ఊరంతటికి తెలిసిపోయెను. తల్లి తొమ్మిదిమంది బిడ్డలను కని, 1831లో మరణించెను. పిమ్మట ఊరివారు పాదిరిగారి ఇంటి గడప త్రొక్కుట మానివేసిరి. తమ పిల్లలను ఆ ఇంటి పిల్లలతో ఆడుకొననియ్యలేదు. తండ్రి కొలువునుండి తొలగింపబడెను. బాలుడైన హైన్రిక్ పాదిరియైన తన పినతండ్రి ఇంటికి పంపబడెను. కాపరి తప్పుచేసినప్పుడు సంఘము నొచ్చుకొనుట సహజమే. కాని ఆ కాపరి పిల్లలు ఏమి చేసిరి? మన సంఘములలోకూడ ఇట్టి ఇండ్లు ఎక్కడనైన నుండవచ్చును. ఆ ఇంటి పిల్లలు ఆదివారపు బడిలో ఎవరి ప్రక్కన కూర్చుండుచున్నారో చూచెడివారు ఉండవలెను.

డబ్బులేక హైన్రిక్ చదువు 14వ ఏట నిలిచిపోయెను. ఒక కిరాణా కొట్టులో పనికి కుదిరి, తెల్లవారుజామున 5 గంటలనుండి రాత్రి 11 గంటలవరకు ఉప్పు, పంచదార, వెన్న, ఉప్పుచేపలు, సారాయి అమ్ముచు అయిదున్నర సంవత్సరములు గడిపెను. ఒక రాత్రి త్రాగిన మైకములో నున్న పిండిమర పనివాడొకడు ఆ కొట్టులోనికి వచ్చి, హోమరు అను గ్రీకు కవి పద్యములను నూరింటికి పైగా గ్రీకుభాషలోనే వల్లించెనట. అతడును ఒక పాదిరిగారి కుమారుడే. దుర్నడతచేత బడినుండి వెళ్లగొట్టబడినవాడు. ష్లీమన్‌కు ఒక్క ముక్క అర్థము కాకున్నను ఏడ్చెననియు, తన జేబులోని కాసులతో సారాయి పోయించి ఆ పద్యములను మూడుసార్లు చెప్పించుకొనెననియు, నాటినుండి తనకు గ్రీకు నేర్చుకొను భాగ్యము కలుగజేయుమని దేవుని ప్రార్థించుచుండెననియు ఆయనయే చెప్పుకొనెను. పాదిరుల బిడ్డలిద్దరు, ఒకడు త్రాగుచు ఒకడు ఏడ్చుచు, కొట్టుబల్లకు ఇరుప్రక్కల నుండిరి.

బరువైన పీపాను ఎత్తబోయి రొమ్ము దెబ్బతిని, రక్తము కక్కి, ఆ కొలువును విడిచెను. 1841లో దక్షిణ అమెరికాకు పోవు ఓడలో పనివాడుగా ఎక్కగా, ఆ ఓడ హాలెండు తీరమున తుపానుకు బద్దలాయెను. ప్రాణము దక్కి ఆమ్‌స్టర్‌డామ్ చేరి, ఒక వర్తకుని కార్యాలయములో జవానుగా చేరెను. ఇక్కడ ఆయన పట్టుదలను మెచ్చుకొనక తీరదు. జీతములో సగము చదువునకే పోయెను. చలికాలములో నిప్పు లేని అటకగదిలో నుండి ఆరునెలలలో ఇంగ్లీషు నేర్చుకొనెను. అందుకై ప్రతి ఆదివారము రెండుసార్లు ఇంగ్లీషు దేవాలయమునకు పోయి, ప్రసంగీకుడు పలికిన ప్రతి మాటను పెదవులు కదల్చుచు తనలో తాను పలుకుకొనెడివాడు. ప్రసంగములోని భాష ఆయనకు పట్టువడెను. అందులోని సందేశము ఎంతవరకు పట్టువడెనో ముందు చూతుము.

రష్యాభాషను ఉపాధ్యాయుడు లేకుండనే నేర్చుకొనుచు, బిగ్గరగా చదువునప్పుడు వినుటకు మనిషి కావలెనని ఒక బీద యూదునికి వారమునకు 4 ఫ్రాంకులిచ్చి ఎదుట కూర్చుండబెట్టుకొనెను. పాపము, ఆ యూదునికి రష్యాభాష ఒక్క అక్షరమును రాదు! ఆ కేకలకు తాళలేక ఇరుగుపొరుగువారు గొడవ చేయగా రెండుసార్లు ఇల్లు మారవలసివచ్చెను.

ఆ భాషయే ఆయనను ధనవంతుని చేసెను. 1846లో రష్యా రాజధానియైన సెయింట్ పీటర్స్‌బర్గుకు పోయి నీలిమందు వర్తకము ప్రారంభించెను. ఆ దినములలో ఐరోపాకు నీలిమందు అధికభాగము మన దేశమునుండియే పోవుచుండెను. మన కడప సీమ నీలిమందుకు కూడ లండను బజారులో పేరుండెను. చెమటోడ్చి నీలిమొక్కను పండించి, తొట్లలో కుళ్లబెట్టి, దిమ్మలు చేసినవారు ఎక్కడో పేదలుగానే యుండిరి. లాభము మాత్రము సముద్రములు దాటిపోయెను. ఆయన తమ్ముడు లుడ్విగ్ బంగారు గనులకై కాలిఫోర్నియాకు పోయి 1850లో అక్కడనే మరణింపగా, ష్లీమన్ అక్కడికి వెళ్లి గనిపనివారియొద్ద బంగారుపొడి కొని అమ్మి మరింత సంపాదించెను. 1854లో క్రిమియా యుద్ధకాలమున మేమెల్ రేవు తగులబడి అందరి సరకులు బూడిదకాగా, ఆయన సరకులు మాత్రము వేరొకచోట నుండుటచే మిగిలెను. యుద్ధమునకు కావలసిన పెట్లుప్పు, సీసము అమ్మి ధనము రెట్టింపు చేసికొనెను. 40 ఏండ్లు దాటునప్పటికి ఇక సంపాదింప నక్కరలేని స్థితికి వచ్చి, లోకసంచారమునకు బయలుదేరెను. ఆ యాత్రలో మన దేశమునకును వచ్చి మద్రాసు, కలకత్తా, కాశీ, ఆగ్రా, ఢిల్లీ నగరములను చూచి, చీనా, జపాను దేశములకు పోయెను.

ఇంటి విషయము ఇంత చక్కగా లేదు. రష్యాలో పెండ్లాడిన భార్యను, ముగ్గురు పిల్లలను విడిచి, 1869లో అమెరికా పోయి అక్కడి చట్టము సులువుగా నుండుటచే విడాకులు పొందెను. అదే సంవత్సరము ఏథెన్సులో సోఫియా అను 17 ఏండ్ల గ్రీకు బాలికను వివాహమాడెను. అప్పటికి ఆయనకు 47 ఏండ్లు. తండ్రి ఇంటిలో తాను చూచి బాధపడిన కథ వేరొక రూపున తన ఇంటిలో నడచెను. ఇంతకుమించి మేము వ్రాయము.

ఇక దిబ్బ సంగతికి వత్తము. అది ట్రాయ్ అని మొదట కనుగొన్నవాడు ష్లీమన్ కాడు. ఆ ప్రాంతమందు స్థిరపడిన ఫ్రాంక్ కాల్వర్టు అను ఇంగ్లీషువాడు ఆ దిబ్బలో కొంతభాగమును స్వంతముగా కలిగియుండి, 1860 తరువాత కొద్దికొద్దిగా త్రవ్వి చూచెను. అతనికి ధనము లేదు. 1868లో ష్లీమన్ ఆ దారిని వచ్చినప్పుడు కాల్వర్టు తనకు తెలిసినదంతయు దాచుకొనక చెప్పెను. ష్లీమన్‌కు ధనమున్నది, పని జరిగెను, పేరు మాత్రము ఒక్కనికే వచ్చెను.

పాటిదిబ్బ యనగా ఏమో మన రైతులకు చెప్పనక్కరలేదు. పూర్వపు ఊరు కూలిన చోట మరియొక ఊరు, దానిమీద ఇంకొకటి కట్టుకొనగా నేల ఎత్తు పెరుగును. ఆ మన్ను పొలమునకు ఎరువుగా తోలునప్పుడు పెంకులు, పూసలు దొరకుట మనవారెరిగినదే. హిస్సార్లిక్ అట్టి దిబ్బయే. అందులో ఒకదానిపై ఒకటిగా తొమ్మిది ముఖ్యమైన పొరలు గలవు. ష్లీమన్ 1871నుండి 1873వరకు ఒక్కొక్కప్పుడు 150 మంది కూలీలను పెట్టి, దిబ్బ నడుమ సుమారు 50 అడుగుల లోతు కందకము త్రవ్వించెను. వీరుల పట్టణము అట్టడుగున నుండునని ఆయన తలంపు. పైనున్న గోడలను అడ్డము వచ్చినవని పడగొట్టించెను. తాను వెదకుచున్న కాలపు ఊరిలో చాలభాగము ఆ విధముగా ఆయన గునపములకే పోయెను.

1873 మార్చిలో కూలీలకు కొంత బంగారము దొరకెను. వారు యజమానికి చెప్పక పంచుకొనిరి. అందులో ఒకడు తన వంతును కంసాలికిచ్చి కరగించి కొత్త నగ చేయించెను. తరువాత సంగతి బయటపడి, ప్రభుత్వపు మనుష్యులు దానిని పట్టుకొని కానిస్టాంటినోపిలులోని మ్యూజియమునకు చేర్చిరి. కరగినది కరగిపోయెను. నాలుగువేల ఏండ్లకు పైబడిన పనితనము ఒక పూట కుంపటిలో మాసిపోయెను. మన దేశములో 1878లోనే నిక్షేపముల చట్టము చేయబడెను. భూమిలో 10 రూపాయలకు మించిన విలువగల పాత నిధి దొరకినవాడు దానిని కలెక్టరుకు తెలుపవలెనని అందులో విధించిరి. నాగటిచాలులో బిందె తగిలినప్పుడు ఆ మాట గుర్తుంచుకొనువారు ఎందరు? కంసాలి కొలిమికే పోవునది ఎంతయో!

ఆ మే నెల చివర ష్లీమన్‌కే పెద్దనిధి దొరకెను. రాగి పాత్రలు, వెండి గిన్నెలు, రెండు పిడుల బంగారు గిన్నె ఒకటి. ఆ గిన్నె ఒక్కటే 50 తులములకు పైగా తూగును. వెండి కూజాలో స్త్రీల నగలు నిండియుండెను. 60 చెవిపోగులు, 6 కడియములు, 8,700 కు పైగా సన్నని పూసలు, ఉంగరముల వంటి తునకలు, నుదుటికి కట్టుకొను రెండు ఆభరణములు. ఆ రెండింటిలో పెద్దదానిని 16,353 చిన్నచిన్న బంగారు ముక్కలు గ్రుచ్చి చేసిరి. నుదుటిమీద ఆకులవలె వ్రేలాడు గొలుసులు, చెంపల ప్రక్కనుండి భుజములవరకు దిగు పేటలు. ఇప్పటివలె పరికరములు లేని కాలమున, చూపుకు ఆనని అంత సన్నని తునకలను ఏ చేతులు చేసెనో, ఏ తల్లి పెండ్లినాడు ధరించెనో దేవునికే ఎరుక. అబ్రాహాము దాసుడు బావియొద్ద రిబ్కాకు ముక్కుకమ్మిని, కడియములను ఇచ్చిన వృత్తాంతము ఆదికాండము 24వ అధ్యాయములో చదువుదుము. ఈ నగలు అంతకంటె ముందటివి.

ష్లీమన్ ఇవి హోమరు పాడిన ప్రియాము రాజు నిధియని లోకమునకు చాటెను. కూలీలను ఫలహారమునకు పంపివేసి తాను కత్తితో నిధిని పెకలింపగా, భార్య సోఫియా ప్రక్కన నిలిచి తన శాలువాలో మూటగట్టి మోసెనని వ్రాసెను. అది చాల అందమైన కథ. కాని ఆ దినమున సోఫియా అక్కడ లేదు. తండ్రి మరణముచేత ఆమె ఆ నెల మొదటనే ఏథెన్సుకు పోయియుండెను. ఈ సంగతిని ష్లీమన్ తరువాత ఒక ఉత్తరములో ఒప్పుకొనెను. అయినను కథను దిద్దలేదు.

అబద్ధము అక్కడితో ఆగలేదు. దొరకినదానిలో సగము టర్కీ ప్రభుత్వమునకు ఇయ్యవలెనను షరతుమీద ఆయనకు అనుమతి దొరకెను. ఆయన నిధినంతయు రహస్యముగా ఓడమీద ఏథెన్సుకు చేరవేసి, భార్య బంధువుల ఇండ్లలో దాచిపెట్టించెను. యెహోషువ 7వ అధ్యాయములో ఆకాను బంగారు కమ్మిని తన డేరామధ్య భూమిలో దాచిన సంగతి ఇక్కడ జ్ఞాపకమునకు రాక మానదు. కూలీ దాచినదానిని ప్రభుత్వమువారు పట్టుకొనిరి. యజమాని దాచినదానిమీద 1874లో వ్యాజ్యము వేసిరి గాని వస్తువులు చేజిక్కలేదు. 1875లో ఆయన 50,000 ఫ్రాంకులు చెల్లించి వ్యవహారము ముగించుకొనెను. ఇద్దరు చేసినది ఒకటే పని యని మా అభిప్రాయము. ధనము గలవాని పనికి పరిష్కారమను పేరు వచ్చెను, అంతే.

దీనికి ప్రక్కనే మరియొక చిత్రమును చూడుడి. 1876లో ష్లీమన్ గ్రీసు దేశమున మైకీనై అను చోట త్రవ్వెను. అక్కడ రాజుల సమాధులు అయిదు బయలుపడెను. మృతుల ముఖములమీద బంగారు రేకుతో చేసిన ముసుగులు, రొమ్ములమీద బంగారు పలకలు, ఖడ్గములు, పాత్రలు దొరకెను. అన్నియు కలిపి సుమారు 14 కిలోల బంగారము. అయితే ఇక్కడ గ్రీకు ప్రభుత్వము స్టమాటాకిస్ అను ఉద్యోగిని కావలిగా నియమించెను. అతడు ఉదయమునుండి సాయంత్రమువరకు కందకము గట్టున నిలిచి, ప్రతి వస్తువును వ్రాయించి, గోడలు పడగొట్టవద్దని అడ్డుపడుచుండెను. ష్లీమన్‌కు అతడనిన తలనొప్పి. తన వ్రాతలలో అతనిని తిట్టిపోసెను. ఆ చిన్న ఉద్యోగి పేరు ఈ దినమున పండితులకు తప్ప ఎవరికిని తెలియదు. కాని ఆ బంగారము చెదరక, చేతులు మారక, ఏథెన్సు మ్యూజియములో నిలిచియున్నది. అక్కడ మిక్కిలి ప్రసిద్ధమైన ముసుగు అగమెమ్నోను రాజుదని ష్లీమన్ తలంచెను. అది ఆ రాజు కాలమనబడు దానికి మూడునాలుగు వందల ఏండ్లు ముందటిదని తరువాత తేలెను.

ట్రాయ్ నిధి సంగతియు అంతే. 1882నుండి డెర్ప్‌ఫెల్డ్ అను శిల్పశాస్త్రజ్ఞుడు ష్లీమన్‌కు తోడై పొరలను జాగ్రత్తగా గుర్తింప నేర్పెను. 1890లో దొరకిన కుండపెంకులనుబట్టి చూడగా, నిధి దొరకిన పొర వీరుల కాలముకంటె వెయ్యేండ్లకు పైగా పాతదని బయటపడెను. ఇప్పటి లెక్కప్రకారము ఆ నగలు క్రీస్తుపూర్వము సుమారు 2400 నాటివి. ప్రియాము రాజు వానిని కన్నులార చూచియే యుండడు. బంగారము చెప్పని సంగతిని పగిలిన కుండపెంకు చెప్పెను. అదే 1890లో పెట్రీ అను ఇంగ్లీషు పండితుడు పాలస్తీనాలోని తెల్ ఎల్ హెసి దిబ్బను ఇట్లే పొరపొరగా, పెంకులనుబట్టి పరీక్షించెను. బైబిలు దేశములలోని దిబ్బలను చదువు విద్యకు అది నాంది.

ష్లీమన్‌ను తీసిపారవేయరాదు. ఆయన ధనమును భోగములకు కాక త్రవ్వకములకు వెచ్చించెను. నిధిని అమ్ముకొనలేదు, కరగించలేదు. దొరకినవానిని వెంటవెంటనే బొమ్మలతో అచ్చువేయించెను. కట్టుకథలని విద్వాంసులు త్రోసివేసిన కాలములక్రింద నిజమైన మనుష్యులు బ్రదికిరని లోకమునకు చూపెను. 1881లో తన ట్రాయ్ వస్తువులన్నిటిని జర్మను ప్రజలకు కానుకగా ఇచ్చెను; బెర్లిను నగరము ఆయనను గౌరవపౌరునిగా చేసికొనెను.

1890 చివర ఆయన చెవికి శస్త్రచికిత్స చేయించుకొని, క్రిస్మసుకు ఇల్లు చేరవలెనని బయలుదేరెను. చెవిపోటు ఎక్కువై దారిలో నేపుల్సు నగరమున ఆగెను. క్రిస్మసు దినమున ఆ ఊరి వీధిలో నడచుచు కూలిపోయి, మాట పడిపోయెను. పదునైదు భాషలవరకు నేర్చినవాడు తన పేరైనను చెప్పలేకపోయెను. ఆసుపత్రికి మోసికొనిపోగా, ఊరు పేరు తెలియని పరదేశియని చేర్చుకొనలేదు. జేబులో దొరకిన వైద్యుని చిరునామానుబట్టి ఎవరో తెలిసికొనిరి. మరునాడు, డిశంబరు 26న, కన్నుమూసెను. ఏథెన్సులో ఆయనను సమాధిచేసిరి.

దొంగతనముగా ఒక దేశము దాటిన ఆ బంగారమునకు స్థిరమైన చోటు దొరకలేదు. రెండవ ప్రపంచయుద్ధములో బాంబులకు వెరచి దానిని బెర్లినులో ఒక కాంక్రీటు బురుజులో దాచిరి. 1945లో రష్యా సేనలు దానిని మాస్కోకు తీసికొనిపోయెను. సుమారు ఏబది ఏండ్లు అది ఎక్కడ నున్నదో లోకమునకు తెలియదు. 1993లో రష్యావారు తమయొద్ద నున్నదని ఒప్పుకొనిరి. 1996లో మాస్కోలోని పుష్కిన్ మ్యూజియములో ప్రజలకు చూపిరి. 1998లో యుద్ధమున తెచ్చిన అట్టి వస్తువులు తమవేయని చట్టము చేసికొనిరి. జర్మనీ మాదనును, మా నేలలోనిదని టర్కీ అనును. కాల్వర్టు వంశమువారు కూడ తమ వంతు మాట చెప్పిరి.

ష్లీమన్ బాల్యము గడిచిన అంకర్స్‌హాగెన్‌లోని పాదిరిగారి ఇల్లు ఇప్పుడు ఆయన పేరుతో మ్యూజియమైనది. ట్రాయ్ నగల నకళ్లు అక్కడ పెట్టియున్నవి. దాని యెదుటనే పల్లె దేవాలయమును, సమాధుల తోటయు గలవు. అందులో తొమ్మిదిమంది బిడ్డల తల్లి సమాధిమీద ఒక ఇనుప సిలువ నిలిచియున్నది. ధనవంతుడైన తరువాత హైన్రిక్ దానిని తల్లికి పెట్టించెను.